హాండీక్యామ్‌లో తస్వీర్ ఎందుకు మసకబారింది?

మన ఇళ్లలో అల్మారా పై అర వెతికితే రెండు రకాల యాదేఁ దొరుకుతాయి. ఒకటి ఫోటో ఆల్బమ్‌లు. ఫోటోల మధ్య పల్చటి కాగితం, అట్ట మీద వెలిసిపోయిన గులాబీ పువ్వు. రెండోది క్యాసెట్లు. పుస్తకమంత వీహెచ్ఎస్, అరచేతిలో ఇమిడే 8 ఎంఎం, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన మినీ డీవీ. వాటి మీద ఉర్దూలోనో తెలుగులోనో ఎవరిదో నికాహ్, ఎవరిదో అఖీఖా, ఎవరో హజ్‌కు బయలుదేరిన రోజు రాసి ఉంటాయి.

ఆల్బమ్ తెరిస్తే చాలు, చూడొచ్చు. క్యాసెట్ చూడాలంటే మెషిన్ కావాలి, ఆ మెషిన్ ఇప్పుడు చాలా ఇళ్లలో లేదు. అయినా ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇంతెఖాల్ అయినప్పుడు అందరికీ గుర్తొచ్చేది క్యాసెట్టే. దాదాజాన్ ఫోటోకు నిలబడితే బిగుసుకుపోయేవారు. షాదీ వీడియోలో మాత్రం పిల్లలతో నవ్వుతూ ఉంటారు. "అందులోంచి ఒక తస్వీర్ తీసి పెద్దది చేయించండి" అంటారు ఇంట్లోవాళ్లు. చేయిస్తే ముఖం మసకగా వస్తుంది. గడ్డం అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. చెయ్యి ఊపుతున్నప్పుడు తీసినదైతే ఆ చెయ్యి దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది.

అప్పుడు అందరూ అడిగే సవాల్ ఒక్కటే. అంత ఖర్చు పెట్టి కొన్న విదేశీ కెమెరా, వీడియో బాగానే తీసింది కదా, ఫోటో ఎందుకు తీయలేకపోయింది?

జవాబు ఒక్క మాటలో చెప్పేది కాదు. దాని వెనక దాదాపు పాతికేళ్ల తారీఖ్ ఉంది. వీడియో, ఫోటో రెండూ ఒకే డబ్బాలో పెట్టాలని జపాన్, కొరియా కంపెనీలు చాలా కోషిష్ చేశాయి. ప్రతిసారీ నష్టపోయింది ఫోటోయే. చివరికి ఆ ముడి విప్పింది వీడియో కెమెరా కాదు, ఫోటో కెమెరా. ఈ కిస్సా తెలిస్తే రేపు కెమెరా ఖరీదు చేసేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. అల్మారాలో ఉన్న క్యాసెట్లతో ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

మన ఇళ్లకు ఒకే డబ్బా ఎందుకు కావలసి వచ్చింది

ఫోటో తీసేది ఎవరు అన్న మాట మన ఖాందాన్లలో ఎప్పటి నుంచో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో లాలా దీన్ దయాళ్ గొప్ప ఫోటోగ్రాఫర్. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ఇచ్చారు. ఆ దీన్ దయాళే 1892లో హైదరాబాద్‌లో ఒక జనానా స్టూడియో తెరిచారు. పర్దాలో ఉండే బేగమ్‌ల కోసం అది. లోపల పనిచేసేది మహిళలే. మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాన్ని నడిపారు. అంటే 130 ఏళ్ల కిందటే ఈ ఊళ్లో ఒక సంగతి అర్థమైంది. తస్వీర్ కావాలన్న షౌక్ ఆడవాళ్లకూ ఉంది, కానీ బయటి మగవాడి కెమెరా ముందు కూర్చోలేరు.

వీడియో జమానా వచ్చాక కూడా షాదీ ఇళ్లలో ఈ మజ్బూరీ తీరలేదు. ఫంక్షన్ హాలులో మర్దానా వైపు ఫోటోగ్రాఫర్, వీడియో తీసే మనిషి, లైటు పట్టుకునే కుర్రాడు ముగ్గురూ తిరిగేవారు. పర్దా అటువైపు దుల్హన్ దగ్గర వాళ్లకు పని లేదు. చాలా ఖాందాన్లలో అక్కడ కెమెరా పట్టుకున్నది ఇంటి ఆడపిల్లో, మీసాలు రాని తమ్ముడో. వాళ్ల చేతికి రెండు కెమెరాలు ఇచ్చి, ఇది వీడియోకు, ఇది ఫోటోకు అంటే కుదిరే పని కాదు. ఒకే మెషిన్, ఒకే బటన్ కావాలి.

రెండో కారణం గల్ఫ్. నిజామాబాద్, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాత బస్తీ నుంచి జిద్దా, రియాద్, దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు తెచ్చే సామానులో టేప్‌రికార్డర్, దుప్పటి, సెంటు సీసాలతో పాటు తర్వాత తర్వాత హాండీక్యామ్ కూడా చేరింది. తాను లేకుండా జరిగిన చెల్లెలి షాదీని క్యాసెట్‌లో చూసుకున్నవాళ్లు ఎందరో. అక్కడి గదిలో గోడకు పెట్టుకోవడానికి మాత్రం వీడియో పనికిరాదు, ఫోటో కావాలి. ఒక్క జీతంలోంచి రెండు కెమెరాలు కొనలేరు కనుక "ఇందులో ఫోటో కూడా వస్తుందా?" అన్న మాట అక్కడి దుకాణంలోనే పుట్టింది. ఏక్ పంథ్ దో కాజ్ కావాలని కొన్నారు.

డబ్బా పుట్టుక

1975లో కోడక్ కంపెనీ ఇంజినీరు స్టీవెన్ సాసన్ ఫిల్మ్ లేని మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశారు. 3.6 కిలోల బరువు. 100 నిలువు, 100 అడ్డం, మొత్తం పదివేల చుక్కలతో తస్వీర్. దాన్ని దాచింది మామూలు క్యాసెట్ టేపు మీద, చూపించింది టీవీలో. ఒక్క ఫోటో టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1981లో సోనీ మావికా అనే నమూనా చూపించింది. అది రెండంగుళాల చిన్న డిస్కు మీద 50 బొమ్మలు దాచేది. మావికా అన్న పేరే మాగ్నెటిక్ వీడియో కెమెరా అన్న మాటల ముక్కలతో చేసింది. నిజానికి అందులో వచ్చేది ఫోటో కాదు, కదలకుండా ఆపిన వీడియో బొమ్మ. చూడాలంటే టీవీ కావాలి. ఆ నమూనా అమ్మకానికి రాలేదు. ఇక్కడ ఒకటి గమనించండి. ఫిల్మ్ లేని ఫోటో తన చిన్నతనంలో టేపు, టీవీల ఇంట్లోనే పెరిగింది. రెండూ ఒకే ఖాందాన్ కదా, ఒకే ఇంట్లో ఉండలేవా అని అప్పట్లో అనిపించడం సహజమే.

ఇటు వీడియో వైపు, కెమెరా ఒకటి, భుజానికి తగిలించుకునే రికార్డర్ ఒకటి అని రెండు ముక్కలుగా ఉండేది. వాటిని కలిపి ఇళ్ల కోసం సోనీ 1983లో బీటామూవీ తెచ్చింది. భుజం మీద మోయాల్సిందే. తీసింది అందులోనే వేసి చూసుకునే వీలు కూడా లేదు, రికార్డింగ్ మాత్రమే. 1984లో జేవీసీ చిన్న వీహెచ్ఎస్-సి క్యాసెట్‌తో జీఆర్-సీ1 తెచ్చింది. 1985లో సోనీ 8 ఎంఎం కెమెరా వచ్చింది. 1989లో వచ్చిన సోనీ సీసీడీ-టీఆర్55 బరువు 790 గ్రాములు. పాస్‌పోర్ట్ సైజు అని జపాన్‌లో ప్రచారం చేశారు. ఒక చేత్తో పట్టుకునే కెమెరా అంటే అదే. హాండీక్యామ్ అన్న పేరు మన భాషలో అన్ని కంపెనీల కెమెరాలకూ కలిపి వాడే మాట అయిపోయింది. 1992లో షార్ప్ కంపెనీ వ్యూక్యామ్ వెనక పెద్ద తెర పెట్టింది. కంటికి ఆనించి చూసే అవసరం పోయింది. చదువు రాని నానీ కూడా తెరలో చూస్తూ తీయగలదు.

కెమెరా చిన్నదైంది, తేలికైంది, తీయడం సులువైంది. తస్వీర్ మాత్రం టీవీ తస్వీరే.

టీవీ బొమ్మకూ ఫోటోకూ హిసాబ్

మన దేశం పాటించిన టీవీ పద్ధతి పేరు పాల్. అందులో తెర మీద కనిపించే గీతలు 576. సెకనుకు 25 బొమ్మలు. ఈ 25 బొమ్మలు ఒక్కొక్కటీ ఒకేసారి తీసినవి కావు. ముందు బేసి గీతలు, సెకనులో 50వ వంతు గడిచాక సరి గీతలు. రెండు సగాలను పేనితే ఒక బొమ్మ. మనిషి కదలకుండా ఉంటే రెండు సగాలూ కలిసిపోతాయి. చెయ్యి ఊపితే మొదటి సగంలో చెయ్యి ఒకచోట, రెండో సగంలో ఇంకోచోట. దువ్వెన పళ్లు వచ్చేది ఇందుకే. టీవీలో ఆడుతుంటే కన్ను దాన్ని పట్టించుకోదు. ఆపి కాగితం మీద వేస్తే బయటపడుతుంది.

రెండోది చుక్కల లెక్క. 1995లో వచ్చిన డీవీ పద్ధతి ఇంటి టేపుల్లో మేలైనది. దాని ఒక బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు. గుణిస్తే 4,14,720. అంటే 0.4 మెగాపిక్సెల్. ఆల్బమ్‌లో పెట్టే 4×6 అంగుళాల ఫోటో కళ్లకు నిండుగా కనిపించాలంటే అంగుళానికి 300 చుక్కలు వేసుకోవాలి. అది 1800×1200, అంటే 21 లక్షల 60 వేలు. మన దగ్గర ఉన్నది అందులో ఐదో వంతు కూడా కాదు. అదే నాణ్యతతో వేయాలంటే ఆ డీవీ బొమ్మ వెడల్పు 2.4 అంగుళాలు మాత్రమే. పాస్‌పోర్ట్ ఫోటో కన్నా కాస్త పెద్దది, అంతే. గోడకు పెట్టే సైజుకు సాగదీస్తే మిగిలేది మసకే. వీహెచ్ఎస్, 8 ఎంఎం సంగతి ఇంకా కష్టం. వాటిలో అడ్డంగా విడిగా కనిపించే వివరం సుమారు 240 గీతలే.

మూడోది షట్టర్. వీడియోలో ఒక్కో సగానికీ వెలుతురు సోకే సమయం మామూలుగా సెకనులో 50వ వంతు. నడుస్తున్న మనిషి అంతసేపట్లో కొంచెం జరుగుతాడు, అంచులు చెరుగుతాయి. ఆడే వీడియోకు ఆ చెరుగు మంచిదే, కదలిక మెత్తగా కనిపిస్తుంది. ఫోటోకు అదే ఐబు. అంటే వీడియోకు మేలు చేసేదే ఫోటోకు చెరుపు చేస్తోంది. దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఇదే.

కోషిష్‌ల వరస

కంపెనీలకు ఇది తెలియక కాదు. ఒక్కో ఐబునూ ఒక్కో విధంగా తీయాలని చూశాయి.

మొదటి కోషిష్, డీవీ కెమెరాల్లో ఫోటో బటన్. నొక్కితే కదలని బొమ్మ సుమారు ఏడు సెకన్ల పాటు టేపు మీద రికార్డయ్యేది, శబ్దంతో సహా. మన షాదీ క్యాసెట్లలో అకస్మాత్తుగా దుల్హా ముఖం ఆగిపోయి, వెనక ఆడవాళ్ల మాటలు మాత్రం వినిపిస్తూ ఉండే చోట్లు కొన్ని ఈ బటన్ పనే. బొమ్మ ఆగింది కానీ చుక్కలు అవే, 0.4 మెగాపిక్సెల్.

రెండోది, సగాలుగా కాకుండా బొమ్మ మొత్తాన్ని ఒకేసారి పట్టడం. 1997లో కానన్ తన ఎంవీ1 కెమెరాలో ఇది పెట్టింది. దువ్వెన పళ్లు పోయాయి. చుక్కల కొరత అలాగే ఉంది.

మూడోది, చుక్కలు పెంచడం. 1999లో సోనీ డీసీఆర్-పీసీ100 మెగాపిక్సెల్ హాండీక్యామ్‌గా వచ్చింది. ఫోటోలు టేపు మీద కాకుండా మెమరీ స్టిక్ అనే చిన్న కార్డు మీదకు వెళ్లేవి, 1152×864 సైజులో. దాదాపు పది లక్షల చుక్కలు. పోస్టుకార్డు సైజుకు పరవాలేదనిపించే ఫోటో. ఆ తర్వాత ఐదారేళ్లు డబ్బా మీద మెగాపిక్సెల్ అంకెల పోటీ నడిచింది. రెండు, మూడు అని పెరుగుతూ పోయాయి.

ఇక్కడే అసలు చిక్కు. అంకె పెరిగింది కానీ కెమెరా లోపల వెలుతురును పట్టే చిప్ పెరగలేదు. ఆ కెమెరాల్లో వాడిన చిప్‌కు 1/4 అంగుళం అని పేరు. కొలిస్తే పొడవు సుమారు 3.6 మిల్లీమీటర్లు, వెడల్పు 2.7. పెసరగింజ కన్నా చిన్నది. అదే జాగాలో రెండున్నర రెట్లు చుక్కలు కుక్కితే ఒక్కో చుక్కకు అందే రోష్ని రెండున్నర రెట్లు తగ్గుతుంది. ఒక్క దస్తర్‌ఖాన్ మీద నలుగురికి పెట్టిన బిర్యానీ పదిమందికి పంచినట్టు. మధ్యాహ్నం ఎండలో తీస్తే తేడా తెలియదు. మన షాదీలు, వలీమాలు జరిగేది రాత్రి. అక్కడ ఫోటోలో ఇసుక చల్లినట్టు మచ్చలు, వీడియో కూడా పాత కెమెరా కన్నా చీకటిగా. ఫోటో కోసం వెళ్తే వీడియోకు కూడా నష్టం వచ్చింది.

మరి చిప్ పెద్దది పెట్టొచ్చు కదా? పెడితే లెన్స్ పెద్దదవుతుంది. హాండీక్యామ్‌లో జనానికి నచ్చింది పది రెట్లు, ఇరవై రెట్లు దగ్గరకు లాగే జూమ్. చిప్ చిన్నది కాబట్టే అంత జూమ్ అరచేతిలో ఇమిడింది. చిప్ చిన్నదైతే ఫోకస్ కూడా సులువు, ముందున్న దుల్హన్, వెనకున్న ఖాలా ఇద్దరూ స్పష్టంగా వస్తారు. అంటే హాండీక్యామ్‌ను హాండీక్యామ్ చేసినదే దాని ఫోటోను పాడుచేసింది.

2003లో శాంసంగ్ ఒక విచిత్రమైన తరీఖా పట్టింది. రెండు పనులకూ ఒకే కన్ను సరిపోకపోతే రెండు కళ్లు పెడదాం అనుకుంది. డ్యువోక్యామ్ అనే ఎస్‌సీడీ5000లో వీడియోకు ఒక లెన్స్, ఫోటోకు ఇంకో లెన్స్. ఫోటో వైపు 4 మెగాపిక్సెల్. లెన్సుల భాగాన్ని తిప్పితే వీడియో కెమెరా ఫోటో కెమెరా అవుతుంది. నాకు ఈ కిస్సా అంతటిలో నిజాయితీ గల మెషిన్ ఇదే అనిపిస్తుంది. ఒకే డబ్బాలో రెండు కెమెరాలు పెట్టాం అని ఒప్పుకున్నట్టే కదా అది. కానీ బరువు, ధర రెండూ మోయాలి. ఆ తరీఖా నిలవలేదు.

2004లో సాన్యో జాక్టీ సీ1 టేపును వదిలేసి కార్డు మీదే వీడియో, 3.2 మెగాపిక్సెల్ ఫోటో రెండూ తీసింది. 2005లో సోనీ హెచ్‌డీఆర్-హెచ్‌సీ1 హెచ్‌డీ వీడియోను ఇళ్లకు దగ్గర చేసింది. పూర్తి హెచ్‌డీ బొమ్మలో 1920×1080, అంటే సుమారు 20 లక్షల చుక్కలు. మొదటిసారి వీడియో బొమ్మే పోస్టుకార్డు ఫోటో దగ్గరికి వచ్చింది. అయినా చిప్ చిన్నదే, రాత్రి షాదీ పరీక్షలో మార్కులు తక్కువే.

2008: అటునుంచి వచ్చిన జవాబు

2008 ఆగస్టులో నికాన్ డీ90 వచ్చింది. 12.3 మెగాపిక్సెల్ ఫోటో కెమెరా, వీడియో కూడా తీస్తుంది. సెప్టెంబరులో కానన్ 5డీ మార్క్ 2 ప్రకటించారు. 21.1 మెగాపిక్సెల్, పూర్తి హెచ్‌డీ వీడియో. పాతికేళ్లు వీడియో కెమెరా ఫోటో నేర్చుకోలేకపోయింది. ఫోటో కెమెరా మాత్రం కొన్నేళ్లలో వీడియో నేర్చుకుంది.

కారణం చిప్పే. 5డీ మార్క్ 2 చిప్ 36×24 మిల్లీమీటర్లు, పాత ఫిల్మ్ రీలులో ఒక ఫోటోకు ఉండే జాగా అంత. హాండీక్యామ్ చిప్‌తో పోలిస్తే వైశాల్యం సుమారు 90 రెట్లు. అంత పెద్ద దస్తర్‌ఖాన్ ఉంటే ఎంతమంది మెహమాన్‌లు వచ్చినా రోష్నికి కొరత లేదు. ఫంక్షన్ హాలు లైట్లలోనే, ముఖం మీద కళ్లు చెదిరే హాలోజన్ లైటు కొట్టకుండా వీడియో తీయొచ్చు. షాదీ వీడియోగ్రాఫర్లు కొన్నేళ్లలోనే భుజం మీది పెద్ద కెమెరాలు దింపేసి వీటికి మారడానికి పెద్ద కారణం ఇదే.

అయితే ఫోటో కెమెరా కూడా ఊరికే రాలేదు. డీ90 హెచ్‌డీలో ఒక క్లిప్ ఐదు నిమిషాలకు మించి తీయలేదు. వీడియో నడుస్తుండగా ఫోకస్ చేత్తో సరిచూసుకోవాలి. ధ్వని ఒకే మైకుతో, పేలవంగా. తర్వాత వచ్చిన చాలా ఫోటో కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర తమంతట తామే ఆగిపోయేవి. దీనికి కారణం యూరప్ కస్టమ్స్. ఒకేసారి 30 నిమిషాలు, ఆపైన రికార్డు చేస్తే దాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. ఇది ఫోటో కెమెరానా, వీడియో కెమెరానా అన్న సవాల్ చివరికి సుంకం అధికారుల దాకా వెళ్లిందన్నమాట. ఇక్కడ మన ఇళ్లలో దాని ఫలితం వేరేగా ఉండేది. నికాహ్ ఖుత్బా మొదలుపెట్టినప్పుడు ఆన్ చేసిన కెమెరా సరిగ్గా ఈజాబ్-ఖుబూల్ వేళకు ఆగిపోతే మళ్లీ చేయించలేం కదా.

తర్వాతి కథ మీ జేబులోనే ఉంది. 2009లో ఐఫోన్ 3జీఎస్ 3 మెగాపిక్సెల్ ఫోటోతో పాటు వీడియో కూడా తీసింది. కొన్నేళ్లలో ప్రతి ఫోనూ రెండు పనులూ చేసింది. జేబులో పట్టే వీడియో కెమెరాగా పేరు తెచ్చుకున్న ఫ్లిప్‌ను సిస్కో కంపెనీ 2009లో కొని 2011లో మూసేసింది. 2014లో పానసోనిక్ తన కెమెరాల్లో 4కె ఫోటో అనే తరీఖా తెచ్చింది. 4కె వీడియోలో ఒక్కో బొమ్మ 3840×2160, అంటే 83 లక్షల చుక్కలు. వీడియో తీసి అందులోంచి నచ్చిన క్షణాన్ని ఫోటోగా ఏరుకోవడమే దాని పని. దాదాజాన్ నవ్విన క్షణం ఏరుకోవాలన్న మన పాత కోరికే అది. మన క్యాసెట్లకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు కొనేవాళ్లు అడగాల్సినవి

ఈ తారీఖ్ నుంచి తీసుకోవాల్సిన సబఖ్ ఒకటే. ఆ మెషిన్ ఏ పని కోసం పుట్టిందో చూడండి. రెండో పని అది మొహమాటానికి చేస్తుంది.

ఫోటో ముఖ్యమైతే ఫోటో కెమెరాగా పుట్టిన దాన్నే కొని అందులో వీడియో తీయండి. జల్సా, ముషాయిరా, పిల్లల స్కూలు కార్యక్రమం లాంటివి గంటల తరబడి ఆపకుండా తీయాలి, దూరం నుంచి జూమ్ కావాలి అంటే హాండీక్యామ్ ఇప్పటికీ పనికొస్తుంది. దాంట్లో ఫోటో బోనస్ అనుకోండి, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు.

దుకాణంలో మెగాపిక్సెల్ ఎంత అని అడగడం మానేసి చిప్ సైజు ఎంత అని అడగండి. డబ్బా మీది పెద్ద అంకె కొన్నిసార్లు ఉన్న చుక్కలను సాగదీసి చూపించిన లెక్క. నిజంగా ఉన్న చుక్కలెన్నో లోపలి పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది, చదవండి. దుకాణం లైట్ల కింద తీసి చూస్తే ఏ కెమెరా అయినా బాగుంటుంది. కౌంటర్ కింద చీకటి మూలను తీసి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది. వీడియో నడుస్తుండగా ఫోటో తీస్తే పూర్తి సైజులో వస్తుందా, తగ్గించి ఇస్తుందా? ఫ్లాష్ ఉందా? బయటి మైకు పెట్టే వీలుందా? ఒకేసారి ఎంతసేపు ఆగకుండా తీస్తుంది? ఇవి తేల్చుకోండి.

4కె వీడియోలోంచి ఫోటోలు ఏరుకోవాలనుకుంటే పగటి వెలుతురులో షట్టర్ 1/50 కాకుండా 1/250కి పెట్టుకోండి. వీడియో కొంచెం గరుకుగా కనిపిస్తుంది, ఫోటో మాత్రం చెరగదు. రెంటిలో ఏది కావాలో ముందే నిర్ణయించుకోవాలి. చిప్ ఎంత పెద్దదైనా, చుక్కలు ఎన్ని ఉన్నా ఈ ఒక్క చిక్కు పోలేదు, పోదు కూడా.

అల్మారాలో ఉన్న అమానత్

ఇక పాత క్యాసెట్ల సంగతి. అవి మన దగ్గర అమానత్. సోనీ 2016 మార్చిలో బీటామాక్స్ క్యాసెట్లు ఆపేసింది. అదే ఏడాది జులైలో ఫునాయ్ కంపెనీ వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. కాబట్టి ఉన్న మెషిన్లు పాడైతే బాగుచేసేవాళ్లు, స్పేర్లు ఏటికేడు తగ్గుతారు. టేపు కూడా ఊరుకోదు. వానాకాలం తేమకు తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును మెషిన్‌లో వేస్తే టేపూ పోతుంది, మెషిన్ హెడ్ కూడా పాడవుతుంది. ముందు తీసి చూడండి. తెల్లగా ఉంటే శుభ్రం చేయగల చేతికే ఇవ్వండి.

ఇంట్లో 8 ఎంఎం లేదా హై8 క్యాసెట్లు ఉంటే 1999 తర్వాత వచ్చిన డిజిటల్8 హాండీక్యామ్‌లు కొన్ని వాటిని ఆడించి కంప్యూటర్‌కు డిజిటల్‌గా పంపగలవు. బంధువుల ఇళ్లలో అలాంటిది ఉందేమో అడగండి. టీవీకి మొబైల్ పెట్టి షూట్ చేసుకోవడం మాత్రం వద్దు. ఉన్న 576 గీతల్లోంచి మళ్లీ సగం పోతాయి.

అందులోంచి తస్వీర్ తీయాలంటే ఓపిక కావాలి. గంట క్యాసెట్‌లో 90,000 బొమ్మలుంటాయి. మనిషి కదలకుండా ఆగిన క్షణం వెతకండి. దువా చేసి చేతులు దించే ముందు, ఫోటోగ్రాఫర్ కోసం నిలబడినప్పుడు, ఎవరి మాటో వింటూ ఉన్నప్పుడు. అప్పుడు రెండు సగాలూ కలుస్తాయి, దువ్వెన పళ్లు రావు. పక్కపక్కన ఉన్న నాలుగైదు బొమ్మలు దాచి అందులో మంచిది ఎంచండి. గోడ సైజుకు సాగదీయకండి. రెండున్నర అంగుళాల వెడల్పులో వేయించి చిన్న ఫ్రేములో పెట్టండి. ఆ సైజులో ముఖం ముఖంలాగే ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు మసక ముఖాన్ని స్పష్టంగా చేసి ఇస్తున్నాయి. అందులో కొంత భాగం ఆ మెషిన్ ఊహించి గీసినదని గుర్తుంచుకోండి. అసలు బొమ్మను విడిగా దాచండి.

ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర కూడా, తేదీ కూడా. చాలా క్యాసెట్లలో బొమ్మ మూలన తేదీ పడి ఉంటుంది. దాన్ని గుడ్డిగా నమ్మకండి. గడియారం బ్యాటరీ అయిపోయి, ఎవరూ సరిచేయక ఏదో జనవరి 1 అని చూపించే క్యాసెట్లు బోలెడు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఈ మూలన నిలబడిన ఆవిడ ఎవరు, ఆ ఏడు రంజాన్ ఏ కాలంలో వచ్చింది, ఈ పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు అని అడిగి రాసుకోండి. జనానా వైపు తీసిన టేపులైతే దుకాణానికి ఇచ్చే ముందు అందులో ఉన్న ఆడవాళ్లను అడగండి. ఇంటి ఆడపిల్ల తీసిందని నమ్మి వాళ్లు కెమెరా ముందు నవ్వారు. వీలైతే కాపీ చేసే పని కూడా ఇంట్లోనే, ఆ అమ్మాయిల చేతే చేయించండి.

వచ్చే సెలవుల్లో అందరూ ఇంటికి వస్తారు. ఆ వారంలో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయిస్తే చాలు. ముందు ఎవరి క్యాసెట్ వేయాలో అమ్మీని అడగండి.